జపాను గోల్ఫు మైదానాలలో పది రోజులు

గోల్ఫు ఆడడానికి జపాను దాకా పోవాలా, బెంగుళూరులో మైదానాలు లేవా అని మా ఇండ్లలో అందరూ నవ్వారు. లేకేం, ఉన్నవి. కాని పాతికేండ్లుగా ఒకే మైదానంలో ఆడుతున్న మా నలుగురికీ ఒక అనుమానం పట్టుకున్నది. మాకు వచ్చినది ఆటా, లేక ఆ ఒక్క మైదానాన్నీ బట్టీ పట్టామా?

దీనికి తోడు, మాలో పెద్దవారైన అన్నగారికి గ్లకోమా. డెబ్బైనాలుగేండ్లు. చూపు పక్కలనుంచి తరిగిపోతున్నది. ఇదే ఆఖరి ప్రయాణం అని కొడుకులు షరతు పెట్టి పంపారు. ఆయన కోరినది ఒక్కటే, కోబె నగరం మీది రొక్కో కొండ. అన్నగారు పుట్టి పెరిగినది కోలారు బంగారు గనుల దగ్గర. చిన్నతనంలో గని అధికారుల సంచులు మోసి ఆట నేర్చుకున్నారు. అక్కడ గుంట చుట్టూ పచ్చిక బదులు నూనె కలిపిన ఇసుక ఉండేది. దానిని 'బ్రౌను' అనేవారు. జపానులో మొట్టమొదటి గోల్ఫు మైదానం రొక్కో మీదిదే. అక్కడా మొదట్లో గ్రీనులు ఇసుకవేనని ఆయన ఎక్కడో చదివారు. అప్పటినుంచీ ఆ కొండ చూడాలని పట్టు.

టోకియోలో దిగిన మరునాడు ఆరకావా నది ఒడ్డున ఆడాము. ఆ నగరం చుట్టుపక్కల నదుల కరకట్టల లోపలి నేలను కూడా వదలకుండా గోల్ఫు మైదానాలు చేశారు. తుపాను వచ్చి నది పొంగితే మైదానం నీళ్ళపాలు. తీసిన తరువాత బురద కడిగి మళ్ళీ ఆట. ఎత్తుపల్లాలు లేవు, ఖర్చూ తక్కువే. నలుగురం బాగా ఆడాము. మా అనుమానం ఉత్తదేనని ఆ రాత్రి గర్వపడ్డాము కూడా.

జపానులో ఈనాడు రెండువేలకు పైగా మైదానాలు ఉన్నవి. వారి పద్ధతి వేరు. తొమ్మిది గుంటలు ఆడగానే ఆట ఆపి, కూర్చుని నింపాదిగా భోజనం చేయాలి. ఆ తరువాతనే మిగిలిన తొమ్మిది. మన ఒళ్ళు అన్నం తిన్నాక కునుకు కోరుతుంది గాని కర్ర తిప్పడానికి ఒప్పుతుందా? ఆట అయ్యాక అందరూ వేడినీళ్ళ తొట్టిలో దిగి కూర్చుంటారు. బట్టలు లేకుండా పదిమందిలో స్నానం మాకు మొదటిరోజు ప్రాణసంకటమయింది. మూడవ రోజుకు, ఆట ఎట్లా పోయినా స్నానం దొరుకుతుంది గదా అనుకునేదాకా వచ్చాము. సంచులు మోసే బాధ లేదు. హోటలులో అప్పగిస్తే తరువాతి మైదానానికి మనకంటే ముందే చేరి ఉంటవి.

చాలా మైదానాలలో ఒక్కొక్క గుంటకు రెండేసి గ్రీనులు కనిపిస్తవి. కొరాయి అనే గడ్డి ఎండాకాలం చక్కగా పెరిగి, చలికి పసుపుబారిపోతుంది. బెంటు గడ్డి చలికి తట్టుకుంటుంది, అక్కడి ఉక్కకు తట్టుకోలేదు. అందుకని రెండూ పెంచి, కాలాన్నిబట్టి ఆడుకునేవారు.

టోకియోకు దగ్గరలోనే కసుమిగసెకి ఉన్నది. 1957లో కెనడా కప్పు పోటీ అక్కడ జరిగి, నకమురా, ఓనో అనే ఇద్దరు గెలిచాక దేశమంతా గోల్ఫు పిచ్చి పట్టింది. 2021 ఆగస్టులో ఒలింపిక్సు పోటీలో మా బెంగుళూరు పిల్ల అదితి అశోక్, తల్లి సంచి మోస్తుండగా ఆడి, ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగవ స్థానంలో నిలిచినదీ అక్కడే. సభ్యుల మైదానం కనుక మాకు ఆడే వీలు లేకపోయింది.

అక్కడినుంచి ఇజు ద్వీపకల్పంలోని కవానా చేరాము. 1936లో ఆలిసన్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన ఫుజి మైదానం అది. ఒకపక్క సముద్రం, పక్కనే కొండచరియ, నీళ్ళలో ఓషిమా దీవి. ఇసుక గుంటలు ఎంత లోతంటే, దిగిన మనిషి తల పైకి కనిపించదు. అట్లాంటివాటిని జపానువారు ఈనాటికీ 'ఆలిసన్ బంకర్లు' అనే అంటారు. మా గర్వం అక్కడ దిగింది. అన్నగారు ఒకే బంకరులో ఏడు దెబ్బలు కొట్టారు. మేము పైన నిలబడి లెక్కపెడుతూ నవ్వాము.

ఆయన నవ్వలేదు. రాత్రి భోజనాల దగ్గర, "రొక్కోకు మీరు పోండి తమ్ముడూ, నేను కోబెలో హోటలులో ఉంటాను" అన్నారు. ఇంత దూరం వచ్చి ఇదేం మాట అని మేము గట్టిగానే దెబ్బలాడాము. చివరకు చెప్పారు. సముద్రపు వెలుతురులో ఆయనకు బంతి అసలు కనబడలేదట. బంకరు అంచు ఎక్కడో తెలియక గాలిలో కొట్టారట. ముప్ఫైమార్లు కంటి పరీక్షల సంగతి విన్న మేము, పక్కన నిలబడి ఆ ఒక్కటీ చూడలేకపోయాము. ఆ పూట ఎవరమూ సరిగా తినలేదు.

రొక్కో ఎత్తు 931 మీటర్లు. తేయాకు వర్తకుడు ఆర్థర్ హెస్కెత్ గ్రూమ్ 1901లో ఆ కొండమీద పొదలు కొట్టించి నాలుగు గుంటలు తవ్వించాడు. 1903లో తొమ్మిది గుంటలతో కోబె గోల్ఫు క్లబ్బు ఏర్పడింది. ఇప్పుడు పద్దెనిమిది. ఇసుక పోయి పచ్చిక వచ్చింది. గుంటలు పొట్టివే గాని, అటూ ఇటూ మోకాలెత్తు వెదురుగడ్డి. పడిన బంతి మరి దొరకదు. నడిచే ఆడాలి.

అన్నగారు వచ్చారు. "నడిచి చూస్తాను, ఆడను" అన్నారు. బల్ల దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టు చూచి, డెబ్బై దాటినవారికి గోల్ఫు పన్ను లేదని ఆయన లెక్కలో తగ్గించింది. "ముసలివాడినని ఇక్కడా రాసుకున్నారు" అని గొణిగారు.

ఏడవ గుంట దగ్గర పొగమంచు కమ్మింది. పది గజాల అవతల ఏమీ లేదు. మేము ముగ్గురం కర్రలు దించాము. అన్నగారు మాత్రం చేయి చాచి, "ఆ ఇనుప కర్ర ఇటివ్వవయ్యా. ఇప్పుడు నలుగురికీ ఒకటే చూపు" అన్నారు. కాడీ ఆమె ఆయన భుజాలు పట్టి దిక్కు సరిచేసి, తాను ముందుకు వెళ్ళి మంచులో మాయమయింది. అన్నగారు బంతిని పైకి లేపలేదు. బ్రౌనుల మీద నేర్చిన విధంగా నేలబారుగా దొర్లించారు. కొంతసేపు ఏమీ వినబడలేదు. ఆ తరువాత లోపలినుంచి ఆమె గొంతు, "నైసు ఆన్!"

గ్రీను మీద పడిందని అర్థం. అక్కడినుంచి చివరి గుంట దాకా అన్నగారు ఆడారు. మంచు విడిచాక కూడా ఆమె నిలబెట్టిన దిక్కుకే కొట్టారు. మా ముగ్గురిలో ఇద్దరు ఆయనకంటే ఎక్కువ దెబ్బలు తిన్నాము. ఆ రాత్రి భోజనం ఖర్చు మాదే.

పోయిన ఆదివారం అన్నగారు సంచి లేకుండా మైదానానికి వచ్చారు. మాతో నడిచారు. బంతి ఎక్కడ పడిందో చూడలేరు గాని, కర్ర తగిలిన చప్పుడు వినగానే, "మడమ తగిలింది, కుడివైపు వెతకండి" అంటున్నారు. మేము వెతికితే బంతి అక్కడే ఉంటున్నది.