ఎరువు ఖర్చు తగ్గింది... మరి కారు ఖర్చు?

యూరియా మానేశాం, పురుగుమందు మానేశాం. కానీ జీవామృతానికి రెండు కిలోల బెల్లం కావాలంటే కారు తీసి టౌనుకు పోతున్నాం! మా ఇంట్లో జరిగిందే చెప్తున్నా. రానూపోనూ 40 కిలోమీటర్లు, వారానికి మూడుసార్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారుకి 8 లీటర్లు!

ఇప్పుడు గోడకి చీటీ తగిలించాం. ఎవరికేం కావాలన్నా అందులో రాయాల్సిందే. సంత రోజు ఒక్కసారే వెళ్తాం, నెలకి సరిపడా బెల్లం తెస్తాం. పిండికి మన ఉలవలే, ఊళ్లో మర ఉంది. పొలానికి సైకిలే. ఆస్పత్రి అవసరమైతే మాత్రం లెక్క చూడం.

వారానికి 5 లీటర్లకు పైగా మిగులుతోంది. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాల్లో కలుస్తుంది. నేలలో కర్బనం పెంచే మనమే దాన్ని గాల్లోకి వదిలితే ఎలా? చీటీ, లెక్క పుస్తకం వీడియోలో చూపించాను. మీరూ ఒక్క నెల రాసి చూడండి.