దురద లేనివాళ్లకూ మందు ఎందుకు?

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే తెలుగు మాట ఇట్టే చెవిన పడుతుంది. తెలంగాణ నుంచి మగ్గం పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. వేడ్ రోడ్, కతార్‌గామ్ వైపు గంజాం జిల్లా ఒడియా కార్మికుల మెస్ గదులుంటాయి. షిఫ్టు 12 గంటలు. పగటి షిఫ్టువాళ్లు లేచి వెళ్లగానే రాత్రి షిఫ్టువాళ్లు అదే పరుపు మీద వాలిపోతారు. ఒకరినొకరు ఆనుకుని పడుకునే ఇలాంటి ఇరుకు గదుల్లో గజ్జి ఒక్కరికి వచ్చిందంటే ఆ ఒక్కరితో ఆగదు.

గుజరాతీలో దీన్ని ఖస్ అంటారు. డాక్టరు చీటీలో ఉండేది స్కేబీస్. అది లాటిన్ పేరు, గోకడం అనే అర్థమున్న స్కాబెరె నుంచి పుట్టింది. ఇటాలియన్‌లో స్కాబ్బియా, రొమేనియన్‌లో స్కాబియె, స్పానిష్ వైద్యుల ఎస్కాబియోసిస్ దాని నుంచి వచ్చినవే. స్పెయిన్ జనం మాత్రం సార్నా అంటారు. జర్మన్లు లాటిన్ జోలికి పోలేదు, తమ సొంత గోకుడు మాటతోనే క్రెట్సె అని పిలుచుకున్నారు. ఈ జబ్బుకు మందుగా వాడిన ఒక పూలమొక్కకు కూడా స్కాబియోసా అనే పేరు పడింది.

గోకుడునే జబ్బుగా చూసే అలవాటు ఎంత పాతదో ఈ పేర్లు చెబుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. గజ్జి పురుగు ఒంట్లో చేరిన రోజున దురద ఉండదు.

ఆ పురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు 2, 3 గుడ్లు పెడుతుంది. దాని గుడ్లు, మలం పడక ఒళ్లు తిరగబడటమే దురద. మొదటిసారి సోకినవాళ్లలో అది మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. ఆ లోపలే పక్కవాళ్లకు అంటుతుంది. ఇంతా చేసి, మామూలుగా ఒంటి మీద ఉండే పురుగులు 10, 15 మించవు.

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర వెతికితే సన్నటి వంకర గీత కనిపిస్తుంది. దాని మీద సిరా పూసి స్పిరిట్‌తో తుడిస్తే చుట్టూ పోతుంది, సొరంగంలోకి ఇంకిన సిరా మాత్రం నిలుస్తుంది. ఇటలీలోని లివోర్నోలో పేద తల్లులు పిల్లల చర్మం నుంచి సూదిమొనతో ఈ పురుగుల్ని తీసేవారు. అది గమనించిన బొనోమో, చెస్తోనీ అనే ఇద్దరు పరిశోధకులు 1687లోనే జబ్బుకు కారణం ఈ పురుగేనని రాశారు. వైద్యలోకం పట్టించుకోలేదు. 1834లో రెనూచ్చి అనే కోర్సికా విద్యార్థి పారిస్ వైద్యుల కళ్లముందే పురుగును తీసి చూపించాకే వాదన ముగిసింది. సూది పట్టిన ఆ తల్లుల జ్ఞానానికి దాదాపు 150 ఏళ్లు విలువ దక్కలేదన్నమాట.

పరుపులదే తప్పంతా అనుకోవడమూ సరికాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కెన్నెత్ మెలన్బీ అనే పరిశోధకుడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లను గజ్జి సోకిన సైనికుల దుప్పట్లలో పడుకోబెట్టి చూస్తే, చాలా కొద్దిమందికే సోకింది. ప్రధానంగా అంటించేది ఒంటికి ఒళ్లు చాలాసేపు తగలడం. అందుకే గదిలో కిక్కిరిసిన జనమే అసలు సమస్య. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

మందు ఉంది. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా పూసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారం తర్వాత మళ్లీ పూయాలి. గదిలో ఉన్నవాళ్లందరూ, దురద లేనివాళ్లతో సహా, ఒకే రోజు పూసుకోవాలి. రాత్రి షిఫ్టువాళ్లు పగలు పడుకోబోయే ముందు పూసుకోవచ్చు. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. మందుల షాపులో స్టెరాయిడ్ క్రీము కొని రుద్దితే దురద తగ్గినట్టుంటుంది, పురుగు చావదు. పురుగు చచ్చాక కూడా 2 నుంచి 4 వారాలు దురద ఉండొచ్చు కాబట్టి, మందు పనిచేయలేదని రోజూ పూయకుండా డాక్టరుకు చూపించాలి. పండక్కి కరీంనగర్ వైపు బండెక్కే ముందే ఈ పని పూర్తయితే ఊళ్లో పిల్లలకు అంటదు.