పగడాల తోటలో ఒక పగలు

పూడిమడక ఒడ్డున నిలబడి తూర్పుకు చూస్తే సముద్రం ఒక్క రంగులో ఉండదు. కాళ్ళ దగ్గర బూడిద కలిసిన పసుపు, వేటపడవలు ఊగే చోట ముదురు ఆకుపచ్చ, ఆపైన కనుచూపు మేర నల్లటి నీలం. ఆ మొదటి పసుపు మన నేలదే. మాడుగుల కొండల్లో పుట్టి, అనకాపల్లిని ఒరుసుకుంటూ పారి, రాంబిల్లి దగ్గర సముద్రంలో కలిసే శారద తెచ్చిన ఒండ్రు అది. ఉత్తరాన నాగావళి, వంశధార, మహానది, దక్షిణాన గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు ఈ తీరం పొడవునా మన్నునూ మంచినీళ్ళనూ సముద్రానికి ధారపోస్తూనే ఉంటాయి. పంటకు ప్రాణమైన ఆ మన్నే పగడానికి ప్రాణాంతకం. వెలుతురు చొరని నీళ్ళలో, ఉప్పు పలచబడిన నీళ్ళలో పగడపు జీవి తన కోట కట్టుకోలేదు. విశాఖ తీరపు రాళ్ళను అంటిపెట్టుకుని అక్కడక్కడ పగడాలు బతుకుతున్నాయని శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. కానీ తోటలు తోటలుగా విరగబూసిన పగడాన్ని కళ్ళారా చూడాలంటే మాత్రం ఇదే బంగాళాఖాతాన్ని దాటి అవతలి గట్టుకు వెళ్ళాలి.

ఆ గట్టు పేరు అండమాన్. విశాఖ రేవు నుంచి సుమారు 1200 కిలోమీటర్లు. బర్మాలోని అరకాన్ కొండల వరుస దక్షిణంగా సాగి సాగి సముద్రంలోకి దిగిపోయి, శిఖరాలను మాత్రం నీటిపైన వదిలేసిన చోట పుట్టాయి ఈ దీవులు. గోదావరి లాంటి మహానది ఇక్కడ ఒక్కటీ లేదు. కుండపోత వాన కురిసినా నేలను అడవి వేళ్ళతో బిగబట్టి ఉంచుతుంది. అంతకీ జారిన మన్నును మడ అడవులు తమ వేళ్ళ అల్లికలో వడగడతాయి. అందుకే దీవుల చుట్టూ నీళ్ళు అంత తేటగా, సూర్యుడు అడుగుదాకా చేయి చాపగలిగినంత నిర్మలంగా ఉంటాయి.

మనవాళ్ళకు ఇది పరాయి నేల కూడా కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి బతుకుదెరువుకు ఓడెక్కి వచ్చిన కుటుంబాలు వాళ్ళలో ఎన్నో. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవు వైపు నడిస్తే వల బాగుచేసుకుంటూ, చేపల ధర మాట్లాడుకుంటూ మన యాస వినిపిస్తుంది. దిగిన మర్నాడే యాత్రికుడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఉన్నది ఒక్క పగలు. ఎటువైపు పడవ ఎక్కాలి?

అన్నిటికన్నా దగ్గరది నార్త్ బే. పాత ఎర్రరంగు ఇరవై రూపాయల నోటు వెనుక, కొబ్బరి చెట్ల సందున కనిపించే దీపస్తంభం అక్కడిదే. అబర్డీన్ జెట్టీలో ఎక్కితే కాసేపట్లో చేరిపోతాం. తలకు శిరస్త్రాణం తొడిగి సముద్రపు అడుగున నడిపించేవాళ్ళు, గాజు అడుగున్న పడవలు, నీటి స్కూటర్ల హోరు, అన్నీ ఉన్నాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి సులువు. స్వరాజ్ ద్వీప్, అంటే నిన్నటి హేవ్‌లాక్, అక్కడి ఎలిఫెంట్ బీచ్ అందమైనదే. కానీ ముందు ఆ దీవికే ఓడలో గంటల ప్రయాణం. అక్కడ ఒక రాత్రయినా ఉండకపోతే ఆ చోటుకు న్యాయం చెయ్యలేం. నా మనసు మొగ్గేది మూడో దారికి. నగరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని వండూరుకు పొద్దున్నే వెళ్ళి, అక్కడ పడవెక్కి చేరే జాలీ బాయ్. అది మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో ఒక చిన్న పచ్చని చుక్క. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానం 15 దీవులను, 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నీటినీ నేలనూ తన కొంగు కింద దాచుకుంది. దుకాణం లేదు, బస లేదు, అనుమతి లేనిదే అడుగు పెట్టనివ్వరు. ఎక్కేముందే సంచులు తెరిచి చూసి ప్లాస్టిక్‌ను ఒడ్డునే ఆపేస్తారు. ఏడాది పొడవునా జనాన్ని రానివ్వరు కూడా. సాధారణంగా నవంబరు నుంచి మే దాకా జాలీ బాయ్ తెరిచి, మిగతా నెలల్లో దాన్ని విశ్రాంతికి వదిలి, పక్కనున్న రెడ్ స్కిన్ దీవికి పడవలు తిప్పుతారు. ఇన్ని ఆంక్షలా అని విసుక్కునేవాళ్ళు ఉంటారు. ఆ ఆంక్షల వల్లనే అక్కడ చూడదగినది ఇంకా మిగిలి ఉంది.

పడవ వండూరు జెట్టీని వదిలిన క్షణం నుంచే ప్రకృతి తన తెర తీస్తుంది. ముందు మడ అడవి. నీళ్ళలో మోకాళ్ళదాకా దిగి నిలుచున్న చెట్లు, వంపులు వంపులుగా బురదలోకి దిగిన గోధుమరంగు వేళ్ళు, వాటి కింద చీకటి చీకటిగా, పచ్చపచ్చగా, కదలని నీరు. ఉప్పునీటి మొసళ్ళు ఏలే ఆ నీటిని చూస్తూ మాట తగ్గించుకుంటాం. తెల్లకొంగ ఒకటి కొమ్మ మీద ధ్యానంలో ఉంటుంది. నీలి మెరుపులా ఒక లకుముకిపిట్ట దూసుకుపోతుంది. క్రమంగా రెండు వైపులా దీవులు తొలగిపోతూ, ఒకదాని వెనుక ఒకటి తేలి వస్తూ, ఆకాశం విశాలమవుతుంది. పడవ కింద నీరు నల్లనీలం నుంచి నెమలి మెడ రంగుకు, అక్కడి నుంచి లేత పచ్చకు, ఆపైన ఏ రంగూ కాని స్వచ్ఛమైన వెలుగుకు మారుతూ పోతుంది. ఆ వెలుగు చివర పాలనురుగు లాంటి ఇసుక. దాని వెనుక చిక్కటి, తడిసిన, సూర్యుడు కూడా లోపలికి రాలేని అడవి. దీవికి పెద్ద పడవ ఆగే రేవు లేదు. గాజు అడుగున్న చిన్న పడవలోకి మారి ఒడ్డు చేరాలి. ఆ కొద్ది దూరంలోనే, కాళ్ళ కింది గాజులోంచి, తోట మొదలవుతుంది.

మాస్కు కట్టుకుని, గొట్టం నోట కరుచుకుని, ముఖాన్ని నీటిలోకి వంచగానే లోకం మారిపోతుంది. పైనున్న మాటలు, మోటారు చప్పుడు, గాలి, అన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. సొంత ఊపిరి ఒక్కటే, లోతుగా, నెమ్మదిగా, ఎవరిదో అయినట్టు వినిపిస్తుంది. కాసేపటికి దాని వెనుక మరో సవ్వడి. వేడి మూకుట్లో పేలాలు చిట్లుతున్నట్టు, ఎడతెగని చిటపట. అది కంటికి కనిపించని చిటికె రొయ్యల సందడి. వేలెడంత కూడా లేని ఆ రొయ్య తన పట్టకారు లాంటి గోటిని ఎంత వేగంగా మూస్తుందంటే, నీటిలో ఒక బుడగ పుట్టి, పగిలి, ఆ మోతకు ఎదురున్న చిన్న ప్రాణి సొమ్మసిల్లుతుంది. ఆరోగ్యంగా ఉన్న పగడపు దిబ్బ రాత్రింబవళ్ళు ఇలా పలుకుతూనే ఉంటుంది.

ఇక కళ్ళ ముందు తోట. మాస్కు అద్దం దాటి చూసే చూపుకు నీటిలోని ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా తోస్తుంది. దుప్పి కొమ్ముల్లా చీలికలు చీలికలుగా లేచిన పగడాలు. వాటి కొసలు లేత ఊదా, లేత నీలం. పక్కనే విశాలమైన బల్లల్లా ఒకదానిమీదొకటి పరుచుకున్నవి. మెదడు ముడతలన్నీ పైన చెక్కుకున్నట్టున్న గుండ్రటివి, తేనెరంగువి, ఆవపువ్వు పసుపువి, నాచుపచ్చవి. వాటి మీద సూర్యుడు కెరటాల మడతల్లోంచి జారి, బంగారు తీగల వల పరిచి, ఆ వలను క్షణక్షణం లాగి మళ్ళీ పరుస్తుంటాడు. ఇదంతా రాయి అనుకుంటే రాయే. అయితే ఆ రాయిని కట్టినవి గోటిమీది మచ్చంత మెత్తటి జీవులు. సముద్రపు నీటిలోంచి సున్నాన్ని తీసుకుని, ఒక్కొక్కటీ తన చుట్టూ ఒక గిన్నె కట్టుకుంటుంది. వాటి ఒంట్లో ఇంకా చిన్నవైన నాచుకణాలు కాపురముంటాయి. పగలంతా ఎండను తాగి, ఆహారం వండి, ఇంటి యజమానికి పెట్టేది అవే. ఈ తోట రంగుల్లో చాలావరకు ఆ అతిథులవే. కొమ్ముల పగడం చురుగ్గా పెరుగుతుంది గాని, గుండు పగడం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. నిలువెత్తు గుండు ఒకటి కనిపించిందంటే అది మన ముత్తాతల పుట్టుకకూ సాక్షి.

ఆ కొమ్మల సందుల్లోంచి చేపలు పుట్టుకొస్తాయి. పసుపు, తెలుపు, నలుపు చారల సీతాకోక చేపలు జంటజంటలుగా ఊగుతూ వస్తాయి. వాటిలో కొన్నింటికి తోక దగ్గర నల్లటి దొంగకన్ను ఉంటుంది. శత్రువు తలేదో తోకేదో తేల్చుకునేలోపు చేప మాయం. ఎనిమోన్ అనే సముద్రజీవి వేళ్ళ మధ్య, ముట్టుకుంటే చురుక్కుమనే ఆ విషపు కుచ్చులోనే, నారింజరంగు ఒంటిమీద మూడు తెల్లపట్టీలు కట్టుకున్న క్లౌన్ చేపలు నిర్భయంగా మసలుతాయి. అక్కడి కుటుంబ ధర్మం మరీ విచిత్రం. ప్రతి పిల్లా మగదిగానే జీవితం మొదలుపెడుతుంది. ఇంటికి పెద్దదైన ఆడచేప పోతే, దాని జతగాడే ఆడదిగా మారి ఆ స్థానంలో కూర్చుంటుంది.

చిలుక చేపను చూస్తూ ఎంతసేపైనా గడపవచ్చు. పచ్చ, నీలం, గులాబీ రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయిన ఒళ్ళు, చిలుకకున్నట్టే ముక్కు. ఆ ముక్కుతో పగడపు రాతిని కరకరా గీకుతుంది, ఆ చప్పుడు నీటిలో మన చెవికి స్పష్టంగా వినబడుతుంది. గొంతులోని పళ్ళతో రాతిని పిండిచేసి, నాచును మింగి, మిగిలిన సున్నపుపొడిని తెల్లటి మేఘంలా వెనక్కి వదిలి ముందుకు సాగిపోతుంది. కాసేపటి క్రితం మనం పాదం మోపిన ఆ పాలరంగు ఇసుకలో చాలా భాగం ఇలా చేప కడుపులోంచి వచ్చిందే. ఒక దీవి ఒడ్డును ఒక చేప తయారుచేస్తున్నదంటే సృష్టి ఎంత ఓపికగలది!

కాస్త పక్కకు తేలితే, రాళ్ళ మధ్య ఇరుక్కుని పెద్ద ఆల్చిప్ప ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ అలల అంచుల పెదవుల మీద పరిచిన రంగును ఏమని పిలవాలి? నీలమంటే నీలం కాదు, ఊదా అంటే ఊదా కాదు, మధ్యమధ్య పచ్చటి చుక్కలు మిణుకుమంటాయి. మన నీడ పడగానే పెదవులు మెల్లగా ముడుస్తుంది. గుండు పగడాల మీద అంగుళమంత శంఖాకారపు పూలు జంటలుగా పూసి ఉంటాయి, ఎర్రవి, పసుపువి, తెల్లవి. అవి పువ్వులు కావు, పగడంలో గొట్టం కట్టుకున్న పురుగుల మొప్పలు. ఒక్క అల తగిలితే చాలు, తటాలున లోపలికి. ఓపికగా ఆగితే మళ్ళీ ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. ఇంకొంచెం ముందుకు వెళితే తోట హఠాత్తుగా తెగిపోయి, నేల కిందికి కిందికి దిగి, ముదురు నీలంలో కలిసిపోతుంది. అక్కడ అద్దంలోంచి కనిపించేదంతా వెలుతురు వాలిపోతున్న అగాధమే. గుండె ఒక్క క్షణం ఆగినట్టవుతుంది.

ఈ తోటకు గాయాలూ ఉన్నాయి, వాటిని చూడనట్టు నటించడం నాకు చేతకాదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి అండమాన్ ఉత్తర దీవుల అంచులు పైకి లేచి, పగడాలు ఎండకు బయటపడి చనిపోయాయి. దక్షిణాన నేల కుంగింది. 2010 వేసవిలో నీళ్ళు వేడెక్కి, నాచుకణాలు తమ ఆశ్రయదాతలను వదిలిపోయి, దక్షిణ అండమాన్ పగడాలు ఎముకల్లా తెల్లబడ్డాయి. కొన్ని కోలుకున్నాయి, కొన్ని కోలుకోలేదు. దిబ్బల మీద ఈదుతుంటే బూడిదరంగు కొమ్మల గుట్టలు కూడా కంటపడతాయి. చిత్రమేమిటంటే, ఆ శిథిలాల మీద కూడా రూపాయి బిళ్ళంత కొత్త పగడం మొలకెత్తుతుంటుంది. ప్రపంచ సముద్రగర్భంలో పగడపు దిబ్బలున్నది నూటికి ఒక వంతు లోపే. సముద్ర జాతుల్లో దాదాపు పావు వంతు ఆ కొంచెం చోటునే ఏదో ఒక దశలో ఆశ్రయిస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ రాతి పగడాలను పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. ముక్క తెచ్చుకోవడం నేరం, చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చినదైనా సరే.

వెళ్ళాలనుకునేవారు జనవరికీ ఏప్రిల్‌కూ మధ్య, సముద్రం నిదానించిన రోజుల్లో వెళ్ళండి. సోమవారం ఉద్యానానికి సెలవు, చూసుకోండి. ఈత రాకపోయినా భయం లేదు, లైఫ్ జాకెట్ తొడిగి, గైడు చెయ్యి పట్టుకుని తేలవచ్చు. పోటున్న వేళ నీళ్ళలోకి దిగితే పగడాలకూ కాళ్ళకూ మధ్య దూరం ఉంటుంది. ఒంటికి ఎండ మందు పూసుకునే బదులు పొడుగు చేతుల బనియను వేసుకోండి, ఆ మందుల్లోని రసాయనాలు కొన్ని పగడానికి చేటు. ముఖ్యంగా ఒక్క మాట. అలసట వచ్చినా సరే, ఆ రాళ్ళ మీద మాత్రం కాలు మోపకండి. మీరు నిలబడిన చోట వందేళ్ళ పని ఉంటుంది.