పసుపు దుమ్ము – దేవుడిచ్చిన ఊపిరి



సంక్రాంతి దాటిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఏ కళ్లంలో చూసినా పసుపే. తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, ఆపైన డ్రమ్ములో వేసి పాలిష్ పట్టడం – ఇంత పని జరిగాకే కొమ్ము నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుతుంది. 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. పంటకు గౌరవం దక్కింది, సంతోషమే. మరి ఆ పంట దుమ్మును పీల్చే మనుషుల మాటేమిటి?

డ్రమ్ము తిరిగేటప్పుడు పైపొట్టు, వేళ్లు, మట్టి కలిసి పచ్చటి పొగలా లేస్తాయి. "పసుపు మందే కదా, ఏం చేస్తుంది?" అంటారు మనవాళ్లు. పాలలో కలిపి తాగిన పసుపు కడుపులోకి పోతుంది. పీల్చిన పసుపు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ దుమ్ము ఏదైనా దుమ్మే.

లోపల జరిగేదేమిటి?

మన శ్వాసనాళాల లోపలి కణాలపై కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. అది చీపురులా దుమ్మును కఫంతో సహా గొంతు వైపుకు నెడుతుంది. పొగ, దుమ్ము ఎడతెగక తగిలితే ఆ నూగు మందగిస్తుంది, దెబ్బతింటుంది. కఫం లోపలే పేరుకుంటుంది. తెల్లవారుజామున విడవని దగ్గు అందుకే.

కట్టెల పొగలో, లారీల పొగలో మరీ సన్నని రేణువులుంటాయి. మిల్లీమీటరును 400 భాగాలు చేస్తే అందులో ఒక భాగం కంటే చిన్నవి. అవి నూగును దాటి, కోట్లకొద్దీ ఉన్న గాలిగదుల దాకా పోతాయి. అక్కడ కావలి కణాలు వాటిని మింగబోయి తామే దెబ్బతింటాయి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. ఏళ్ల తరబడి ఆ వాపు నిలిస్తే నాళాలు ఇరుకవుతాయి, గాలిగదుల గోడలు తెగిపోతాయి. తెగిన గోడ మళ్లీ కట్టుకోదు. ఉబ్బసమున్నవారికి బాధ ముదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఇంట్లోనూ ఇదే కథ. కట్టెల పొయ్యి ముందు కూర్చునే తల్లి, చుట్టే బీడీల పొగాకు పొడిని పీల్చే అక్క, ఆ పక్కనే ఆడుకునే పసివాడు. ఎదిగే ఊపిరితిత్తులకు హాని మరింత ఎక్కువ.

మనం చేయగలిగినవి

పాలిష్ డ్రమ్మును ఇళ్లకు దూరంగా, గాలి వాలు చూసి పెట్టించండి. పిల్లలను, గర్భిణీలను అక్కడికి రానీయకండి. ముక్కుకు కట్టుకున్న చీరకొంగు సన్నని దుమ్మును ఆపదు. మందుల షాపులో దొరికే ఎన్-95 మాస్కు మేలు. గ్యాసు ఉన్నవారు నీళ్లు కాచుకోవడానికీ దానినే వాడండి. బీడీ, చుట్ట మానండి. రెండు వారాలు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి. అది క్షయ కావచ్చు, సకాలంలో మందులు వాడితే నయమవుతుంది.

ఒక్క మాట. కూలికి వచ్చిన సహోదరికి సాయంత్రం డబ్బులిచ్చి పంపితే మన బాధ్యత తీరిందా? ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు మంటితో చేసిన మనిషిలోకి తానే ఊపిరి ఊదాడని చదువుతాము. ఆమెలో ఉన్నదీ ఆ ఊపిరే. కూలి డబ్బులతోపాటు ఒక మాస్కు కూడా ఆమె చేతిలో పెడదాం. తమ్ముని గూర్చి దేవుడు అడిగినప్పుడు కయీను ఇచ్చిన జవాబు మన నోట రాకూడదు.

ఈ పసుపు కాలంలో మన కళ్లంలోనే మొదలుపెడదామా?