కోత పడిన రూపాయి కూడా అమానతే

గత వానాకాలంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన పిదప, మా మదరసాలో చదివే ఒక బాలుని తల్లిదండ్రులు మమ్మల్ని కలిశారు. తండ్రి చిలకలూరిపేట ప్రాంతంలోని ఒక నూలు మిల్లులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. పచ్చకామెర్లతో ఐదు వారాలు మంచం పట్టి, అప్పుడప్పుడే లేచి తిరుగుతున్నాడు. జబ్బు రోజులకు ఈఎస్ఐ నుండి రావలసిన భృతికి దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరించారట. "హజ్రత్, ఎవరికైనా ఒక్క మాట చెప్పి ఇప్పించండి. ఇంట్లో అప్పు మిగిలింది" అని ప్రాధేయపడ్డాడు.

మేము ఆ కాగితాన్ని తీసుకుని చదివాము. కారణం ఒకే ఒక్క వాక్యంలో ఉంది. అక్టోబరు నుండి మార్చి వరకు గల ఆరు నెలల్లో ఆయన పేర 61 రోజులకే చందా జమ అయింది. భృతికి కనీసం 78 రోజులు ఉండాలి. "ఆ ఆరు నెలల్లో ఎన్ని రోజులు పనికి వెళ్లావు?" అని అడిగాము. ఆయన తల గోక్కున్నాడు. ఆయన భార్య మాత్రం ఇంటికి వెళ్లి, గోడకు వేలాడే క్యాలెండరును చుట్టి పట్టుకుని వచ్చింది. క్యారియరు ఏ పూట సర్దాలో మరచిపోకుండా ఉండేందుకు ఆమె ప్రతి గడిలోనూ పగటి షిఫ్టుకు 'ప' అని, రాత్రి షిఫ్టుకు 'రా' అని రాసుకునేదట. లెక్కపెట్టి చూస్తే 140 రోజులు దాటాయి.

వారు సిఫారసు కోసం వచ్చారు. వారికి కావలసింది సిఫారసు కాదు, లెక్క.

ఎవరి సొమ్ము ఇది?

ఈ సంగతి తెలియకనే మన ఇళ్లలో చాలామంది తిరస్కరణ కాగితాన్ని నసీబుగా భావించి మడిచి పెట్టేస్తున్నారు. ఈఎస్ఐ ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు. 1948లో చేసిన చట్టం ప్రకారం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో మొదలైన పథకమిది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే కర్మాగారంలో, నెలకు 21,000 రూపాయల లోపు వేతనం గల ప్రతి కార్మికునికీ ఇది వర్తిస్తుంది. 2019 జులై నుండి కార్మికుని వేతనంలో నూటికి 75 పైసలు, యజమాని వాటాగా 3 రూపాయల 25 పైసలు జమ కావాలి. రోజుకు 400 రూపాయల కూలి అనుకుంటే కార్మికుని వంతు 3 రూపాయలు, యజమాని వంతు 13 రూపాయలు. దీనికి ప్రతిఫలంగా కార్మికునికీ, ఆయన మీద ఆధారపడిన కుటుంబానికీ వైద్యం లభిస్తుంది. జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల వరకు సగటు వేతనంలో నూటికి 70 వంతున భృతి వస్తుంది. అర్హత గల స్త్రీ కార్మికురాలికి ప్రసూతి వేళ 26 వారాల వేతనం ముడుతుంది.

కనుక అది ఆయన చెమట నుండి తీసి దాచిన సొమ్ము. దానిని అడగటం యాచన కాదు, తగవూ కాదు.

మన నేల మీది చిక్కు

ప్రత్తి, మిరప పండే మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఒక విశేషముంది. ఒకే ప్రత్తి మీద బ్రతికే ఇద్దరు కార్మికులలో ఒకరికి ఈఎస్ఐ ఉండవచ్చు, మరొకరికి ఉండకపోవచ్చు. ఆ చట్టం ప్రత్తి జిన్నింగును, ప్రెస్సింగును 'సీజను పరిశ్రమలు'గా నిర్వచించి, కేవలం ఆ పనే చేసే మిల్లులను పథకం వెలుపల ఉంచింది. అదే ప్రత్తి నూలు మిల్లుకు చేరితే అక్కడి కార్మికుడు పథకంలోకి వస్తాడు. మిరప విషయానికి వస్తే, కళ్లాల్లో తొడిమలు తీసే స్త్రీలకు ఇది వర్తించదు. కాని శీతల గిడ్డంగిలో సరుకు భద్రపరచడాన్ని ఫ్యాక్టరీల చట్టం ఉత్పత్తి ప్రక్రియగానే పరిగణించింది. అందుచేత పదిమందితో నడిచే కోల్డ్ స్టోరేజిలో మిర్చి టిక్కీలు మోసే సోదరుడు తనకు ఈఎస్ఐ నంబరు ఉన్నదీ లేనిదీ విచారించుకోవాలి.

పథకం వర్తించని జిన్నింగు కూలీలు, కళ్లాల్లోని స్త్రీలు ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకంలో తమ కుటుంబం పేరు సరిగా ఉన్నదో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి వెతుక్కునే పని కాదది.

తిరస్కరణ ఎందుకు వస్తుంది?

మా దృష్టికి వచ్చినంతలో కారణాలు నాలుగు.

మొదటిది, రోజుల లెక్క. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు కట్టిన చందా మరుసటి జనవరి–జూన్ నెలల భృతికి ఆధారం. అక్టోబరు–మార్చి చందా జులై–డిసెంబరు నెలలకు ఆధారం. నేటి హాజరు రేపటి జబ్బుకు అక్కరకు వస్తుందన్నమాట.

రెండవది, పేర్లు. ఆధారులో 'షేక్ మస్తాన్ బీ' అని, మిల్లు రికార్డులో 'ఎస్. మస్తానమ్మ' అని ఉంటే ఒకే తల్లి ఇద్దరవుతుంది. పుట్టిన బిడ్డ పేరును, వచ్చిన కోడలి పేరును ఎక్కించని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మూడవది, దారి తప్పడం. ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లకుండా, వారి రెఫరల్ చీటీ లేకుండా నేరుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే ఖర్చు తిరిగి రావడం కష్టం. ప్రాణాపాయ స్థితిలో చేరవలసి వస్తే అది అత్యవసరమని వైద్యునిచేత రాయించుకుని, బిల్లులన్నీ భద్రపరచి, వెంటనే డిస్పెన్సరీకి తెలియజేయాలి.

నాలుగవది, "నీవు కాంట్రాక్టరు మనిషివి, మాకు సంబంధం లేదు" అనే మాట. ఈ మాట చెల్లదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారి చందాకు కూడా మొదటి బాధ్యత అసలు యజమానిదేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. యజమాని చందా కట్టనందున కార్మికుని భృతి ఆగిపోతే, కార్పొరేషను ఆ భృతిని తానే చెల్లించి యజమాని నుండి రాబట్టుకునే వీలు కూడా కల్పించింది.

తిరస్కరణ నోటిమాటగా చెబితే అంగీకరించవద్దు. కారణాన్ని కాగితం మీద అడగండి. బ్రాంచి కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ న్యాయం జరగకపోతే మూడేళ్ల లోపు ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టును ఆశ్రయించవచ్చు.

కంపెనీ ఇచ్చే పాలసీ మాటేమిటి?

హైదరాబాదు, బెంగుళూరు నగరాల్లో ఉద్యోగాలు చేసే మన పిల్లలు మరో ప్రశ్న అడుగుతుంటారు. వారి కంపెనీలు ప్రైవేటు బీమా సంస్థల నుండి గ్రూపు పాలసీ తీసి ఇస్తాయి. వాణిజ్య బీమాలోని అనిశ్చితి కారణంగా 1985లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ దానిని నిషిద్ధమని, పరస్పర సహకార బీమా ధర్మసమ్మతమని తీర్మానించింది. ఉద్యోగి కోరకుండా, యజమానే ఖర్చు భరించి ఇచ్చే వైద్య సదుపాయాన్ని వాడుకోవచ్చునని పలువురు ఉలమాలు అంటారు. జీతం నుండి కోత పెట్టి, అదనపు మొత్తం కట్టమన్నప్పుడు మాత్రం తమకు నమ్మకమైన ముఫ్తీ గారిని అడిగి నిర్ణయించుకోవడం మేలు.

ఆ క్లెయిము తిరస్కరణకు గురైతే ముందుగా బీమా సంస్థకే ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు న్యాయంగా లేకున్నా ఏడాది లోపు తమ ప్రాంతపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకోవచ్చు. రుసుము లేదు, వకీలుతో పని లేదు.

రెండు వైపులా అమానతు

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు నమాజు గురించో ఉపవాసం గురించో కాదు. అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించి. బఖరా సూరాలోని ఆ 282వ ఆయతును మేము ఏటా పిల్లలకు బోధిస్తాము. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దన్నది దాని సారాంశం. క్యాలెండరులో 'ప', 'రా' అని రాసుకున్న ఆ ఇల్లాలు తెలిసో తెలియకో ఆ ఆజ్ఞకు దగ్గరగా నడిచింది.

మన పాఠకులలో మిల్లులు, గిడ్డంగులు నడిపే సోదరులు కూడా ఉన్నారు. వారికి మా మనవి ఇది. కూలీచేత పని పూర్తిగా చేయించుకుని అతని ప్రతిఫలం ఎగవేసిన వానికి ప్రళయదినాన సాక్షాత్తు అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని ప్రవక్త మహనీయులు (స) హెచ్చరించారు. కార్మికుని జీతం నుండి కోసుకున్న చందాను జమ చేయకపోవడాన్ని దేశపు శిక్షాస్మృతి కూడా 'విశ్వాసఘాతుకం' కిందనే లెక్కిస్తుంది. మన ధర్మం దానినే ఖియానతు అంటుంది.

కార్మిక సోదరులకూ ఒక మాట. తమ్మునికి జబ్బు చేస్తే తన కార్డు మీద చూపించడం, పనిచేయగలిగి ఉండి కూడా జబ్బు సర్టిఫికెట్ తెచ్చుకోవడం కొందరికి తెలివిగా తోస్తున్నది. ఆ నిధి లక్షలాది కూలీల చెమట. అందులో నుండి అబద్ధంతో తీసుకున్నది మరొక రోగి వాటాయే.

ఇక ఆ దంపతుల సంగతి. క్యాలెండరును, బ్యాంకు పాస్‌బుక్‌ను వెంటబెట్టుకుని ఆయన మిల్లు కార్యాలయానికి వెళ్లాడు. హాజరు పట్టీ తిరగేస్తే, నడుమ కాంట్రాక్టరు మారినప్పుడు రోజులు తగ్గించి చూపినట్లు తేలింది. మిల్లువారు మిగిలిన చందా కట్టారు. చట్టం ప్రకారం మినహాయించే మొదటి రెండు రోజులు పోగా 33 రోజులకు, రోజుకు 280 చొప్పున 9,240 రూపాయలు మూడు నెలల తర్వాత ఖాతాలో పడ్డాయి. ఆయన ఆ సొమ్ముతో అప్పు తీర్చి మాకు కబురు చేశాడు. మేము ఎవరికీ ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఈ నెల మీ ఇంటి గోడ మీది క్యాలెండరు పక్కన ఒక పెన్సిలు కట్టి ఉంచండి. అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన దేహాలకు ఆరోగ్యాన్ని, మన లెక్కల్లో నిజాయితీని ప్రసాదించుగాక. ఆమీన్.