వెన్నెముక ఆపరేషన్ తర్వాత ఎలా కూర్చోవాలి?

వెన్నెముకకు ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళేవారు మందుల గురించి, పథ్యం గురించి, కుట్ల గురించి జాగ్రత్తగా అడిగి తెలుసుకుంటారు. ఎలా పడుకోవాలి, ఎంత దూరం నడవాలి అని కూడా అడుగుతారు. ఎలా కూర్చోవాలని అడిగేవారు మాత్రం తక్కువ. కూర్చోవడం విశ్రాంతే కదా, అందులో నేర్చుకోవడానికి ఏముంది అనుకుంటారు. తీరా ఇంటికి వెళ్ళాక మొదటి వారాల్లో ఎక్కువగా బాధపెట్టేది అదే. పడుకుంటే బాగానే ఉంటుంది, నాలుగడుగులు వేసినా బాగానే ఉంటుంది, అన్నానికి కూర్చుంటే మాత్రం పది నిమిషాలకే నడుము పట్టేస్తుంది. ఆపరేషన్ పనిచేయలేదేమోనని ఇంటిల్లిపాదీ దిగులుపడతారు.

చాలామంది విషయంలో ఆ దిగులు అక్కరలేదు. నడుముకు సంబంధించినంతవరకు కూర్చోవడం కూడా ఒక పనే. ఆ పనిని సరైన ఎత్తులో, వీపుకు ఆసరాతో, కొద్దికొద్దిసేపు చేస్తూ, మధ్యలో లేస్తూ ఉంటే రోజురోజుకూ తేలికవుతుంది.

కూర్చుంటే నొప్పి ఎందుకు?

మన నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండులాంటి డిస్కు ఉంటుంది. నిలబడినప్పుడు నడుము సహజంగా కొంచెం లోపలికి వంపు తిరిగి ఉంటుంది. కూర్చోగానే కటి ఎముక వెనక్కి వాలి ఆ వంపు చదునవుతుంది. అప్పుడు డిస్కు ముందు భాగం నలుగుతుంది, వెనుక భాగం సాగుతుంది. నడుము ఆపరేషన్ సాధారణంగా వీపు వైపు నుండే చేస్తారు కాబట్టి కోత పడిన చర్మం, కండరాలు కూడా సాగి లాగుతాయి.

స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల నుండి డిస్కులోకి సూది పంపి అందులోని ఒత్తిడిని కొలిచారు. నిలబడినప్పుడు ఉండే ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు అది 25, ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు 140, కూర్చుని ముందుకు వంగితే 185 అని ఆయన లెక్కల్లో తేలింది. 1999లో జర్మనీ పరిశోధకులు మళ్ళీ కొలిచినప్పుడు మామూలుగా కూర్చోవడానికీ నిలబడటానికీ అంత తేడా కనబడలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుంటే ఒత్తిడి ఇంకా తగ్గింది. ముందుకు వంగి కూర్చుంటే మాత్రం బాగా పెరిగింది. ఈ రెండు లెక్కల నుండీ మనం గుర్తుంచుకోవలసింది ఒకటే: వీపుకు ఆసరా ఉండాలి, ముందుకు వంగకూడదు.

అందరికీ ఒకే నియమం కాదు

జారిన డిస్కు ముక్కను తీసేసినవారిని సాధారణంగా మర్నాటికే లేపి నడిపిస్తారు, కూర్చోబెడతారు. పూసలను స్క్రూలు, రాడ్లతో కలిపి బిగించినవారికి లోపల ఎముక అతుక్కోవడానికి 3 నుండి 6 నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పూస జారినవారు, వెన్నెముక క్షయ వచ్చినవారు, తాటిచెట్టు మీద నుండో గోడ మీద నుండో పడి పూస విరిగినవారు ఈ కోవలోకి వస్తారు. వీరు నడుము వంచడం, మెలితిప్పడం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నడుముకు బెల్టు పెట్టుకోవాలో వద్దో, ఎన్ని వారాలు పెట్టుకోవాలో మీకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారే చెప్పాలి. పక్క మంచం వారికి చెప్పినది మీకు వర్తించకపోవచ్చు.

కాళ్ళలో, పిరుదుల్లో స్పర్శ లేనివారి సంగతి వేరు. ఒరుపు తెలియదు కాబట్టి పుండ్లు పడతాయి. వీరు మెత్తని పరుపు మీద కూర్చోవాలి. ప్రతి 15-30 నిమిషాలకు చేతులమీద పైకి లేచో, పక్కకు వాలో బరువు మార్చాలి. ఈ పద్ధతిని ఫిజియోథెరపిస్టు దగ్గర ఇంటివారు కూడా నేర్చుకోవాలి.

ఏ కుర్చీ మంచిది?

ఖరీదైన కుర్చీ కొనక్కరలేదు. ఇంట్లో ఉన్న కుర్చీనే ఈ విధంగా చూసుకోండి.

ఎత్తు: కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. తుంటి మోకాళ్ళతో సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉండాలి. కుర్చీ పొట్టిదైతే గట్టి దుప్పటిని మడిచి వేయండి. పొడవైనదైతే పాదాల కింద పీట పెట్టండి.

చేతులు: చేతులున్న కుర్చీ తప్పనిసరి. లేచేటప్పుడు నడుము మీద పడే భారాన్ని మీ చేతులు పంచుకుంటాయి.

ఆసరా: చేతి తువ్వాలును చుట్టగా చుట్టి నడుము వంపు దగ్గర పెట్టుకోండి. కుట్ల మీద ఒత్తుకుంటే కొంచెం పైకో కిందికో జరపండి, లేదా పలుచని దిండు వాడండి. పిరుదులు కుర్చీ వెనుక అంచుకు తగిలేవరకు జరిగి కూర్చుంటేనే ఈ చుట్ట ఉపయోగపడుతుంది.

మామూలు ప్లాస్టిక్ చేతుల కుర్చీకి దుప్పటి మడత, తువ్వాలు చుట్ట తోడైతే చాలామందికి సరిపోతుంది. లోపలికి కూరుకుపోయే సోఫా, ఉయ్యాల, సాగిపోయిన నవారు మంచం, నులక మంచం ఈ రోజుల్లో కూర్చోవడానికి పనికిరావు. వాటిలో నడుము గూనిలా వంగిపోతుంది, లేవడం కూడా కష్టం.

నేలమీద కూర్చోవడం

మనకు అన్నం, పూజ, ప్రార్థన, కూరలు తరగడం, కబుర్లు అన్నీ నేలమీదే అలవాటు. కానీ బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నడుము పూర్తిగా చదునవుతుంది. గొంతుక్కూర్చుంటే ఇంకా వంగుతుంది. అన్నిటికంటే నేలమీదికి దిగేటప్పుడు, లేచేటప్పుడు నడుము మీద పడే భారం ఎక్కువ. అందుచేత డాక్టరుగారు సరే అనేవరకు నేల, పీట, ముక్కాలిపీట వద్దు. అన్నం కంచాన్ని బల్లమీద పెట్టుకోండి. బల్ల లేకపోతే మరో కుర్చీమీద ఎత్తుగా డబ్బా పెట్టి దానిమీద కంచం పెట్టుకోండి. ముద్ద నోటి దగ్గరికి రావాలి గానీ నోరు ముద్ద దగ్గరికి వంగకూడదు. పుస్తకం, సెల్‌ఫోన్ కూడా కళ్ళ ఎత్తుకు తెచ్చుకుని చూడాలి.

ఇంటి దగ్గర మరుగుదొడ్డి నేల మట్టానిదైతే, దానిమీద పెట్టుకునే రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో, ఆసుపత్రి సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. డిశ్చార్జికి ముందే తెచ్చి ఉంచండి. కొన్ని రకాల నొప్పి బిళ్ళల వల్ల మలబద్ధకం వస్తుంది. ముక్కితే నడుము మీద ఒత్తిడి పెరుగుతుంది. నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా తీసుకోండి. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుగారికి చెప్పండి.

కూర్చునే పద్ధతి, లేచే పద్ధతి

పడకమీద నుండి తిన్నగా లేచి కూర్చోకండి. ముందు మోకాళ్ళు ముడిచి, భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా దుంగలా పక్కకు ఒత్తిగిల్లండి. కాళ్ళు మంచం దించుతూ, చేతులతో పడకను నొక్కి పైకి లేవండి.

కుర్చీలో కూర్చునేటప్పుడు వెనక్కి నడిచి, కాళ్ళ వెనుక భాగానికి కుర్చీ తగిలాక చేతులు పట్టుకుని మెల్లగా దిగండి. ధబీమని పడకూడదు. లేచేటప్పుడు ముందు అంచుకు జరగండి. ఒక పాదాన్ని కొంచెం వెనక్కి తీసుకోండి. వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగండి. చేతులతో నొక్కి, కాళ్ళ బలంతో లేవండి. కింద పడిన వస్తువు కోసం పక్కకు తిరిగి వంగకండి, ఇంట్లో వారిని అడగండి.

ఎంతసేపు కూర్చోవచ్చు?

మొదటి రోజుల్లో ఒక విడతకు 15-20 నిమిషాలు చాలు. తర్వాత లేచి నాలుగడుగులు వేయండి, లేదా కాసేపు పడుకోండి. అలా రోజులో చాలాసార్లు కూర్చోవచ్చు. బాగుందనిపిస్తే రెండు మూడు రోజులకోసారి 5 నిమిషాలు పెంచండి. ఎంత మంచి కుర్చీ అయినా, ఎంత చక్కగా కూర్చున్నా కదలకుండా ఉంటే నడుము బిగుస్తుంది. పూర్తిగా కోలుకున్న తర్వాత కూడా అరగంటకోసారి లేవడం మంచి అలవాటు. టీవీ చూసేవారు ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవవచ్చు.

నడుము బరువెక్కడం, కుట్ల దగ్గర లాగడం మొదట్లో సహజం, లేచి తిరిగితే తగ్గుతుంది. నొప్పి కాలిలోకి దిగుతుంటే ఆ భంగిమ మీకు సరిపడటం లేదని అర్థం. వెంటనే మార్చండి. మార్చినా తగ్గకపోతే డాక్టరుగారికి చూపించండి.

ప్రయాణంలో

ఆసుపత్రి నుండి దూరపు ఊరికి వెళ్ళవలసినవారు ఎలా వెళ్ళాలో ముందే అడగండి. కారులో అయితే ముందు సీటును కొంచెం వెనక్కి వాల్చుకుని, నడుము వెనుక తువ్వాలు చుట్ట పెట్టుకోండి. అరగంటకో, ముప్పావుగంటకో ఆపించి దిగి నడవండి. తర్వాతి రోజుల్లో బస్సు ఎక్కవలసి వస్తే మధ్య సీట్లలో కూర్చోండి. వెనుక సీట్లలో కుదుపు ఎక్కువ. ఆటో, మోటారు సైకిలు డాక్టరుగారు ఒప్పుకునేవరకు ఆగాలి.

పరామర్శకు వచ్చేవారికి ఒక మనవి

ఆపరేషన్ అయిందని తెలిస్తే బంధువులు, ఇరుగుపొరుగువారు, సంఘస్తులు చూడటానికి వస్తారు. అది మంచి సంగతే. అయితే పెద్దవాళ్ళు వచ్చారని, పాస్టరుగారు వచ్చారని రోగి మర్యాదకు లేచి మంచం అంచున కూర్చుంటారు. ఒకరు వెళ్ళేలోగా మరొకరు వస్తారు. వీపుకు ఆసరా లేకుండా అలా గంటసేపు గడిచిపోతుంది. ఆ రాత్రి నొప్పికి నిద్ర పట్టదు. వచ్చినవారే "పడుకునే మాట్లాడండి, ఏమీ అనుకోము" అని ముందుగా అంటే రోగికి పెద్ద ఉపకారం చేసినట్లే. ఇంటివారు కూడా ఈ మాట మొహమాటం లేకుండా చెప్పవచ్చు.

మందిరంలో చాపల మీద కూర్చునే చోట్ల, ద్వారం పక్కన గోడ వైపు ఒక చేతుల కుర్చీ వేసి ఉంచండి. అవసరమైనప్పుడు రోగి ఎవరికీ అడ్డం లేకుండా లేచి నిలబడవచ్చు, బయటికి వెళ్ళి నడిచి రావచ్చు. మోకరించడం, నేలకు వంగడం ప్రస్తుతానికి వద్దు. కుర్చీలో కూర్చునే ప్రార్థించవచ్చు.

పనికి తిరిగి వెళ్ళేటప్పుడు

కూర్చుని చేసే పని తేలికైనదని తొందరపడి వెళ్ళేవారున్నారు. కుట్టుమిషను దగ్గర, కంప్యూటరు దగ్గర గంటల తరబడి ముందుకు వంగితే నడుముకు అది తేలిక పని కాదు. గుంట మగ్గం నేసేవారికి కాళ్ళు గుంటలోకి దిగుతాయి కాబట్టి మోకాళ్ళకు ఇబ్బంది లేదు, కానీ వీపుకు ఆసరా ఉండదు. మీ పని ఏమిటో, ఎలా కూర్చుని చేస్తారో ఫిజియోథెరపిస్టుకు చేసి చూపించండి. మొదట రోజుకు ఒకటి రెండు గంటలతో మొదలుపెట్టేలా యజమానితో మాట్లాడుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

మూత్రం, విరేచనం ఆగకపోయినా, మూత్రం బిగిసినా. సైకిలు సీటు తగిలే భాగంలో తిమ్మిరి వచ్చినా. పాదం కొత్తగా బలహీనపడినా. జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడినా, చీము గానీ నీరు గానీ కారినా. లేచి కూర్చుంటే తీవ్రమైన తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతున్నా. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తర్వాతి చెకప్ తేదీ వరకు ఆగకండి. రాత్రయినా సరే, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

ఇవేవీ లేకపోతే ధైర్యంగా ఉండండి. ఈ వారం 20 నిమిషాలు కూర్చోగలిగినవారు కొన్ని వారాల్లో ఇంటివారితో కలిసి తీరిగ్గా భోజనం చేయగలుగుతారు.