తీరని దాహం – జపాను దండయాత్రలు

జపాను ద్వీపాల సముదాయం. హొక్కయిడో, హోన్షూ, షికోకు, క్యూషూ అనే నాలుగు పెద్ద దీవులూ, వాటి చుట్టూ చెదరిన వేలాది చిన్న దీవులూ కలిసి ఆ దేశం ఏర్పడింది. అందులో అధికభాగం పర్వతమయం. సాగుకు అనువైన నేల స్వల్పం. వరిపంటకు, పట్టుపురుగుల పెంపకానికి, చేపల వేటకు అది అనుకూలమే కాని, ఆధునిక యుగంలో రాజ్యానికి బలాన్నిచ్చే ఇనుప ఖనిజం, చమురు అక్కడ దొరికేది బహుస్వల్పం. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో జపాను సాగించిన దండయాత్రలను అర్థం చేసుకోవడానికి ఈ లేమిని గుర్తించడం మొదటి మెట్టు. అయితే లేమి ఒక్కటే కారణమంటే అది అర్ధసత్యమే అవుతుంది. లేమి ఉన్న దేశాలన్నీ పొరుగువారిపై దండెత్తలేదు. లేనిదాన్ని వర్తకంతో కాక కత్తితో సంపాదించవచ్చునన్న తలంపు ఎలా బలపడింది, దాన్ని అడ్డుకోవలసినవారు ఎందుకు అడ్డుకోలేకపోయారు అన్నదే అసలు ప్రశ్న.

1853లో అమెరికా నౌకాదళాధిపతి పెర్రీ నల్లని యుద్ధనౌకలతో టోక్యో అఖాతంలో ప్రవేశించి, రెండు శతాబ్దాలకు పైగా మూసివున్న జపాను తలుపులను తెరవమన్నాడు. బలవంతుని మాటే చెల్లుబాటవుతుందన్న పాఠాన్ని జపాను పాలకులు ఆనాడే నేర్చుకున్నారు. 1868లో మెయిజీ చక్రవర్తి పేరిట ఏర్పడిన కొత్త ప్రభుత్వం రైలుమార్గాలు, కర్మాగారాలు, పాఠశాలలు నెలకొల్పింది. వాటితోపాటు ఐరోపా పద్ధతిలో సైన్యాన్నీ తీర్చిదిద్దింది. 1895లో చైనాను ఓడించి తైవాను ద్వీపాన్ని, 1905లో రష్యాను ఓడించి దక్షిణ మంచూరియాలో రైలుమార్గపు హక్కులను జపాను సంపాదించుకుంది. ఆసియా దేశమొకటి ఐరోపా సామ్రాజ్యాన్ని ఓడించిందన్న వార్త భారతీయులను పులకింపజేసింది. ఆ విజయవార్తలు బాలుడైన తనలో ఎంతటి ఉత్సాహాన్ని రేపాయో జవాహర్‌లాల్ నెహ్రూ ఆత్మకథలో చెప్పుకున్నారు. కాని ఆ విజయానికి మూల్యం చెల్లించినది మరొక ఆసియా దేశమే. 1910లో జపాను కొరియాను తన రాజ్యంలో కలుపుకుంది. 1916లో జపానులో పర్యటించిన రవీంద్రనాథ ఠాగూరు పాశ్చాత్యుల జాతీయోన్మాదాన్ని అనుకరించవద్దని హెచ్చరించినప్పుడు, అక్కడి విద్యావంతులలో పెక్కుమంది ఆ మాటలను ఓడిన దేశపు కవి నిర్వేదంగా భావించి పెడచెవిన పెట్టారు.

1929లో వచ్చిన ప్రపంచ ఆర్థికమాంద్యం ఆ దేశపు గ్రామాలను కుదిపివేసింది. జపాను రైతు ఇంట పట్టు ముఖ్యమైన ఆదాయం. ఆ పట్టుకు అమెరికాయే ప్రధానమైన అంగడి. అక్కడ కొనుగోలు పడిపోగానే పట్టు ధర కుప్పకూలింది. ఈశాన్య ప్రాంతాల్లో పంటలు కూడా దెబ్బతిని, బిడ్డలను అమ్ముకున్న కుటుంబాలున్నాయి. సైన్యంలోని యువాధికారులలో చాలామందికి ఈ గ్రామాల కష్టాలు స్వయంగా తెలుసు. ఈ దురవస్థకు వారు రాజకీయ పక్షాలను, ధనిక వర్తకులను నిందించారు. మంచూరియాలోని విశాలమైన భూములు, బొగ్గు, ఇనుము చేతికి వస్తే కష్టాలు తీరుతాయని నమ్మారు. పైగా 1889 నాటి రాజ్యాంగం సైన్యాన్ని మంత్రివర్గానికి కాక నేరుగా చక్రవర్తికి లోబరచింది. చక్రవర్తి సాధారణంగా జోక్యం చేసుకోడు. మంత్రులకు అధికారం లేదు. అంటే ఆచరణలో సైన్యాన్ని అదుపులో పెట్టగలవారు ఎవరూ లేరన్నమాట.

ఈ లోపం ఎంతటి అనర్థానికి దారితీసిందో 1931 సెప్టెంబరు 18వ తేదీ రాత్రి బయటపడింది. మంచూరియాలోని ముక్డెన్ నగర సమీపాన జపాను యాజమాన్యంలోని రైలుపట్టాల పక్కన చిన్న విస్ఫోటనం జరిగింది. పట్టాలకు కలిగిన నష్టం ఎంత అల్పమంటే, కొద్దిసేపటి తరువాత ఒక రైలు ఆ మార్గంలోనే సురక్షితంగా సాగిపోయింది. ఆ మందుగుండును పెట్టించినవారు అక్కడి జపాను సైన్యాధికారులే. ఇటగాకి, ఇషివారా అనే ఇద్దరు అధికారులు ఈ పన్నాగానికి సూత్రధారులు. నింద మాత్రం చైనా సైనికులపై మోపి, ఆ రాత్రే ముక్డెన్‌పై దాడి చేశారు. యుద్ధాన్ని విస్తరింపజేయరాదని టోక్యోలోని మంత్రివర్గం ఆదేశించింది. సైన్యం ముందుకు సాగుతూనే ఉంది. గెలిచిన సైన్యాన్ని శిక్షించే సాహసం మంత్రులకు లేకపోయింది. పత్రికలు ఆ విజయాలను వేనోళ్ళ పొగిడాయి. ఐదు నెలలలో మంచూరియా అంతా జపాను వశమైంది. 1932 మార్చిలో అక్కడ 'మంచుకువో' అనే రాజ్యాన్ని ప్రకటించి, చైనా చివరి చక్రవర్తి పూయీని కీలుబొమ్మగా గద్దెనెక్కించారు.

చైనా మొరను ఆలకించిన నానాజాతి సమితి లిట్టన్ ప్రభువు అధ్యక్షతన విచారణ సంఘాన్ని పంపింది. అంతకుముందు వంగరాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవాడే ఈ లిట్టన్. సంఘం నివేదిక జపానుకు ప్రతికూలంగా వచ్చింది. 1933 ఫిబ్రవరిలో సమితి సభలో దానిపై ఓట్లు తీసుకోగా, అనుకూలంగా 42 ఓట్లు, వ్యతిరేకంగా జపానుదైన ఒకే ఒక ఓటు వచ్చాయి. జపాను ప్రతినిధి మత్సువోకా సభనుండి నిష్క్రమించాడు. సమితి తీర్మానించడంతోనే సరిపెట్టుకుంది. ఆ చేతకానితనాన్ని ఇటలీ, జర్మనీ అధినేతలు శ్రద్ధగా గమనించారు.

స్వదేశంలో ఎదురుచెప్పగలవారికి ప్రాణభయం పట్టుకుంది. 1932 మే 15న నౌకాదళపు యువాధికారులు ప్రధానమంత్రి ఇనుకాయ్‌ని ఆయన నివాసంలోనే కాల్చిచంపారు. 1936 ఫిబ్రవరి 26న తిరుగుబాటు చేసిన సైనికులకు బలైనవారిలో, సైనికవ్యయాన్ని అదుపు చేయబూనిన వృద్ధుడైన ఆర్థికమంత్రి తకహాషి ఒకడు. ఆ తిరుగుబాటును అణచివేశారు. కాని ఆనాటినుండి సైన్యం మాటకు ఎదురాడే మంత్రి కరువయ్యాడు.

ఇక మంచూరియాతో దాహం తీరిందా అంటే తీరలేదు. ఆ రాజ్యాన్ని కాపాడుకోవడానికి దాని సరిహద్దులోని ఉత్తర చైనా కావాలన్నారు. 1937 జులై 7న పెకింగు సమీపంలోని మార్కోపోలో వంతెన వద్ద రేగిన చిన్న ఘర్షణ పూర్తిస్థాయి యుద్ధంగా మారింది. డిసెంబరు 13న చైనా రాజధాని నాంకింగు పతనమైంది. తరువాతి వారాలలో లొంగిపోయిన సైనికులను, నిరాయుధులైన పౌరులను వధించి, స్త్రీలపై సాగించిన అత్యాచారాలు ఆధునిక చరిత్రలోని ఘోరకృత్యాలలో ఒకటిగా నిలిచాయి. మృతులు రెండు లక్షలకు పైబడినట్లు యుద్ధానంతరం టోక్యోలో జరిగిన విచారణ నిర్ధారించగా, మూడు లక్షలని చైనా లెక్క. అయినా చైనా లొంగలేదు. ప్రభుత్వం పడమటి కొండలలోని చుంకింగుకు తరలి పోరాటాన్ని కొనసాగించింది. భారత జాతీయ కాంగ్రెసు 1938లో చైనాకు ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో షోలాపూరు వాస్తవ్యుడైన డాక్టరు కోట్నీస్ గాయపడిన సైనికులకు సేవ చేస్తూ 1942లో అక్కడే కన్నుమూశాడు.

భారతంలో యయాతి కొడుకు యౌవనాన్ని అడిగి తీసుకుని వేయేళ్ళు భోగించినా కోరిక తీరలేదు. నెయ్యి పోస్తే అగ్ని ఆరదని ఆ రాజు చివరకు తెలుసుకున్నాడు. జపాను సేనానులకు ఆపాటి వివేకం కలగలేదు. చైనా యుద్ధానికి ఇనుము, చమురు కావాలి. ఇనుముకోసం, చమురుకోసమే చైనాపై యుద్ధం మొదలైంది. సంపాదించినదానికంటె వ్యయమయ్యేదే అధికమైంది. అన్నిటికంటె విచిత్రమేమంటే, జపాను దిగుమతి చేసుకునే చమురులో సుమారు 80 శాతం అమెరికానుండి వచ్చేది. అంటే చైనాపై ఎగిరే విమానాలకు ఆహారం చైనా పక్షం వహించిన దేశమే పెడుతున్నది.

1940 సెప్టెంబరులో జపాను ఫ్రెంచి ఇండోచైనా ఉత్తరభాగంలో సైన్యాన్ని దించి, అదే నెలలో జర్మనీ, ఇటలీలతో ఒడంబడిక చేసుకుంది. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాను కూడా ఆక్రమించగానే అమెరికా జపాను ధనాన్ని స్తంభింపజేసి, చమురు సరఫరాను ఆపివేసింది. నౌకాదళం వద్ద ఉన్న నిలవ సుమారు రెండేళ్ళకు సరిపోతుంది. జపాను ముందు రెండు మార్గాలున్నాయి: చైనానుండి వైదొలగి అమెరికాతో రాజీపడడం, లేదా డచ్చివారి ఏలుబడిలోని సుమత్రా, బోర్నియో చమురుబావులను బలవంతంగా ఆక్రమించడం. వైదొలగితే చైనాలో అసువులు బాసిన సైనికుల త్యాగం వృథా అవుతుందని యుద్ధమంత్రి తోజో వాదించాడు. చనిపోయినవారి పేరుచెప్పి బ్రతికున్నవారిని చావుకు పంపే ఈ తర్కం ఏ దేశానికీ కొత్తది కాదు.

ఆ దినాలలో జరిగిన ఒక సంభాషణను ప్రధానమంత్రి కొనోయె తన స్మృతులలో నమోదు చేశాడు. 1941 సెప్టెంబరు 5న హిరోహిటో చక్రవర్తి, అమెరికాతో యుద్ధం ఎంతకాలం పడుతుందని సేనాధిపతి సుగియామాను అడిగాడు. దక్షిణ పసిఫిక్‌లో మూడునెలలు చాలునని ఆయన మనవిచేశాడు. చైనా వ్యవహారం ఒక్క నెలలో ముగుస్తుందని చెప్పి నాలుగేళ్ళయినా ముగించలేదు కదా అన్నాడు చక్రవర్తి. చైనా భూభాగం మిక్కిలి విశాలమని సేనాధిపతి సమాధానం. చైనా విశాలమైతే పసిఫిక్ మహాసముద్రం అంతకంటె విశాలం కాదా అని చక్రవర్తి మందలించాడు. సేనాధిపతి తలవంచుకున్నాడు. అయినా యుద్ధసన్నాహాలు ఆగలేదు. అక్టోబరులో తోజో ప్రధాని అయ్యాడు, డిసెంబరులో యుద్ధనిర్ణయానికి చక్రవర్తి ఆమోదం లభించింది.

1941 డిసెంబరు 7న హవాయి దీవులలోని పెర్ల్ హార్బరుపై జపాను విమానాలు విరుచుకుపడ్డాయి. అమెరికన్లు సుమారు 2,400 మంది మరణించారు. యుద్ధనౌకలు మునిగాయి, మండిపోయాయి. అయితే దాడి చేసినవారు ఒడ్డున బారులు తీరిన చమురు తొట్లను ముట్టుకోలేదు. చమురుకోసం యుద్ధానికి దిగినవారు శత్రువు చమురును విడిచిపెట్టి వెళ్ళడం విధి వైపరీత్యమనాలి. నాలుగు రోజుల తరువాత జర్మనీ, ఇటలీ కూడా అమెరికాపై యుద్ధం ప్రకటించాయి. తూర్పు ఆసియాలో, ఐరోపాలో వేర్వేరుగా మండుతున్న మంటలు ఆ విధంగా ఒక్కటై భూగోళమంతా వ్యాపించాయి.

మొదటి ఆరునెలలు జపానుకు ఎదురులేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. సుమత్రాలోని పాలెంబాంగు చమురుక్షేత్రం చేతికి చిక్కింది. మార్చి 8న జపాను సైన్యం రంగూనులో ప్రవేశించింది. ఈ చివరి సంఘటన తెలుగువారి కుటుంబ చరిత్రలలో చేరిపోయింది. ఆనాటి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేవారిలో, బియ్యపు మిల్లులలో పనిచేసేవారిలో ఉత్తర కోస్తానుండి, గోదావరి మండలాలనుండి వెళ్ళిన తెలుగు కూలీలు వేలాదిగా ఉండేవారు. కోరంగి రేవునుండి ఓడలెక్కినందున వారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినప్పటినుండి వలస మొదలైంది. ఓడలలో చోటు కొద్దిమందికే దక్కింది. తక్కినవారు అరకాను కొండలగుండా, చింద్విన్ నది దాటి మణిపురం మీదుగా కాలినడకన బయలుదేరారు. నాలుగు లక్షలకు పైగా జనం భారతదేశం చేరగా, మలేరియా, కలరా, ఆకలి వేలాదిమందిని దారిలోనే పొట్టనబెట్టుకున్నాయి. వారి పేర్లు వ్రాసిపెట్టినవారు లేరు.

ఏప్రిల్ 6న యుద్ధం తెలుగుతీరాన్నే తాకింది. బంగాళాఖాతంలో వర్తక నౌకలను వేటాడుతున్న జపాను నౌకాదళానికి చెందిన 'ర్యూజో' అనే విమానవాహక నౌకనుండి లేచిన విమానాలు విశాఖపట్టణం, కాకినాడలపై బాంబులు వేశాయి. ప్రాణనష్టం స్వల్పమే అయినా భయం మాత్రం అపారం. తీరప్రాంత ప్రజలు మూటాముల్లె సర్దుకుని లోతట్టు గ్రామాలకు తరలిపోయారు. మద్రాసు ప్రభుత్వం కూడా కార్యాలయాలను లోపలి పట్టణాలకు మార్చింది. బర్మాబియ్యం రాక ఆగిపోవడం ఆహారధాన్యాల కొరతను తీవ్రం చేసింది. ప్రభుత్వ నిర్లక్ష్యం, వర్తకుల దాపరికం, తుపాను తోడై 1943లో వంగదేశంలో సంభవించిన కరవుకు సుమారు 30 లక్షలమంది బలి అయ్యారు.

ఆక్రమించిన దేశాలన్నిటినీ జపాను 'సహసౌభాగ్య మండలం' అని వ్యవహరించింది. ఆ సౌభాగ్యం ఎటువంటిదో 415 కిలోమీటర్ల సయాము–బర్మా రైలుమార్గం చెబుతుంది. దాని నిర్మాణానికి మలయా రబ్బరుతోటలనుండి తరలించిన తమిళ, తెలుగు కూలీలు, బర్మా కూలీలు, యుద్ధఖైదీలు అడవిలో కుప్పలుగా రాలిపోయారు.

1942 జూనులో మిడ్వే దీవి వద్ద జపాను నాలుగు విమానవాహక నౌకలను కోల్పోయింది. ఆ నాలుగూ పెర్ల్ హార్బరు దాడిలో పాల్గొన్నవే. అక్కడినుండి గాలి తిరిగింది. సుమత్రా చమురుబావులు చేతిలోనే ఉన్నా, చమురు మోసుకువచ్చే నౌకలను అమెరికా జలాంతర్గాములు ఒక్కొక్కటిగా ముంచివేశాయి. 1945 వసంతం నాటికి జపాను రేవులకు చమురు రావడం దాదాపు నిలిచిపోయింది. బడిపిల్లలను, స్త్రీలను కొండలపైకి పంపి దేవదారు జాతి చెట్ల వేళ్ళను త్రవ్వించి, వాటిని కాచి విమానాలకు తైలం తీసే ప్రయత్నం దేశమంతటా సాగింది. ఆ తైలంతో విమానాలు ఎగిరింది లేదు; కొండలు బోడిగుండ్లయ్యాయి.

1945 మార్చి 10న వేకువకు ముందు టోక్యోపై కురిసిన నిప్పుల వానలో సుమారు లక్షమంది దగ్ధమయ్యారు. ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై అణుబాంబులు పడ్డాయి. సోవియట్ రష్యా యుద్ధం ప్రకటించి మంచూరియాలో ప్రవేశించింది. 1931లో ఏ నేల కోసం పట్టాల పక్కన మందుగుండు పెట్టారో ఆ నేల కొద్దిరోజులలోనే చేజారింది. అప్పటికి జపాను పోగొట్టుకున్న స్వజనం సుమారు 31 లక్షలు. చైనాలో మృతుల సంఖ్య కోటిని ఎంతగానో మించింది.

ఆగస్టు 15 మధ్యాహ్నం జపాను ప్రజలు మొట్టమొదటిసారిగా తమ చక్రవర్తి కంఠస్వరాన్ని రేడియోలో విన్నారు. ఆ ప్రసంగం ప్రాచీన రాజాస్థాన భాషలో ఉండడంవల్ల, పైగా ధ్వని స్పష్టంగా లేనందువల్ల, ఎందరికో అది బోధపడలేదు. గ్రామాలలో రేడియోచుట్టూ తలలు వంచి నిలబడిన జనం, యుద్ధం ఆగిందో లేక ఇంకా గట్టిగా పోరాడమన్నారో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ప్రకటనకర్త వాడుకభాషలో వివరించిన తరువాతనే సంగతి తెలిసింది. ఆ ప్రసంగంలో 'లొంగుబాటు' అన్న మాట ఒక్కచోట కూడా లేదు.